జపాను కర్రీకి మన పులుసు కొలమానం కాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. జపాను వెళ్లే తెలుగువారికి సూచనలిస్తూ ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో, అక్కడ కర్రీ పేరుతో దొరికేది తియ్యగా, చప్పగా ఉంటుందనీ, దాని జోలికి పోకుండా ఇక్కడి నుంచే పొడులూ పచ్చళ్లూ పట్టుకుపోవడం మేలనీ రాశారు. పచ్చళ్ల మాట నేను కాదనను. మా అబ్బాయి టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు కనుక ఆ పెట్టెల బరువు నాకు తెలియనిది కాదు (మాంసం పచ్చళ్లను మాత్రం అక్కడి విమానాశ్రయంలో అనుమతించరని కూడా వ్యాసంలో చెప్పి ఉండవలసింది). నా అభ్యంతరమల్లా అక్కడి కర్రీని మన కూరకు చెడిపోయిన నకలుగా లెక్కగట్టడం మీదనే.

టోక్యోలో జింబోచో అనే పేట పాత పుస్తకాల దుకాణాలకు ఎంత పేరుపొందిందో కర్రీ హోటళ్లకూ అంతే పేరుపొందింది. ఒక చేత్తో పుస్తకం పట్టుకుని రెండో చేత్తో చెంచాతో తినగలిగే భోజనం కాబట్టే అది అక్కడ స్థిరపడిందని స్థానికులు చెబుతారు. ఆ పేటలో 1973లో మొదలైన బోండీ అనే చిన్న హోటలుకు మా అబ్బాయి నన్ను తీసుకువెళ్లాడు. పుస్తకాల దుకాణాలున్న భవనంలోనే రెండో అంతస్తులో ఉన్న ఆ హోటలు ముందు జనం వరుస కట్టి ఓపికగా నిలబడి ఉన్నారు. కూర్చోగానే ముందు ఉడికించిన బంగాళాదుంపలూ వెన్నా తెచ్చిపెట్టారు. తరువాత పైన చీజు తురుము చల్లిన అన్నం ఒక పళ్లెంలోనూ, చిక్కటి గోధుమరంగు కర్రీ మూతి ఉన్న వేరే గిన్నెలోనూ వచ్చాయి. మొదటి చెంచాకు పండ్ల తీపీ వెన్న కమ్మదనమూ తెలిశాయి. కారం నెమ్మదిగా, గొంతు దిగుతుండగా తెలిసింది. అందులో ఆవాల తాలింపూ, కరివేపాకూ, చింతపండూ వెతికితే దొరకవు, వాటిని వెతకవలసిన పనీ లేదు.

ఎందుకంటే ఈ వంటకం జపానుకు మన దేశం నుంచి నేరుగా వెళ్లినది కాదు. మెయిజీ చక్రవర్తి పాలించిన కాలంలో (1868–1912) ఆంగ్లేయుల ద్వారా, కర్రీ పొడి వేసి పిండితో చిక్కబరిచిన పాశ్చాత్య వంటకంగా వెళ్లింది. 1872 నాటి జపాను వంట పుస్తకాల్లోనే దాని తయారీ కనిపిస్తుంది. తరువాత నౌకాదళం వంటశాలల్లో చోటు సంపాదించుకుంది. ఈనాటికీ అక్కడి సముద్ర రక్షణ దళంలో శుక్రవారం భోజనం కర్రీయే. అసలైన భారతీయ కర్రీ ఇది కాదని టోక్యోలో మొదట వాదించినవాడు మన స్వాతంత్ర్య సమరయోధుడు రాస్ బిహారీ బోస్. 1915లో ప్రవాసిగా జపాను చేరి, తనకు ఆశ్రయమిచ్చిన సోమా కుటుంబంలో అల్లుడైన ఆయన, వారి నకమురాయా హోటలులో 1927 నుంచి మన పద్ధతిలో కోడికూర వండించి పెట్టించారు. అది నేటికీ టోక్యోలోని షింజుకు పేటలో అమ్ముడవుతూనే ఉంది. అయినా దానివల్ల పిండితో చిక్కబరిచిన కర్రీ వెనక్కు తగ్గలేదు. జపాను ఇళ్లలో పిల్లలు ఎక్కువగా ఇష్టపడే భోజనంగా నిలిచిపోయింది. రెండూ దేని దారిన అది బతికాయి.

మనవారికి అక్కడ నిజంగా ఎదురయ్యే ఇబ్బంది చప్పదనం కాదు. కర్రీ కోసం వాడే గట్టి మసాలా దిమ్మల్లో చాలావాటిలో ఆవు కొవ్వో పంది కొవ్వో ఉంటుంది. చాలా హోటళ్లలో కర్రీలో పోసే ఉడుకునీటిని (స్టాక్) మాంసంతోనే కాస్తారు. కనుక కూరగాయల కర్రీ అని రాసి ఉన్నంత మాత్రాన అది శాకాహారమని నమ్మడానికి వీల్లేదు. మీ వ్యాసంలో రుచి గురించి అంత రాసి ఈ ఒక్క హెచ్చరికను వదిలేయడం శాకాహారులకు ఎంతో అన్యాయం. అటువంటివారు టోక్యోలోనే ఉఏనో దగ్గరి ఒకాచిమాచి అనే పేటకు వెళితే, ఆంధ్ర పేరుతోనే నడిచే హోటలుతో సహా దక్షిణాది భోజనశాలలు కొన్ని ఉన్నాయి. మన మీల్సును మన మీల్సుగానే ఇష్టపడి తినే జపానువారు అక్కడ కనిపిస్తారు.

కావున ఇకపై విదేశీ భోజనం గురించి ప్రచురించే వ్యాసాల్లో ఆ వంటకం ఎక్కడిదో, అందులో ఏ మాంసం, ఏ కొవ్వు పడతాయో, అలాంటి చిన్న హోటళ్లలో ఎంతసేపు నిలబడవలసి వస్తుందో పాఠకులకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయవాడ