అమీర్‌పేటలో మనం చూడని మిషను

సికింద్రాబాద్,
ఆదివారం రాత్రి

ప్రియ మిత్రమా,

మీ చెల్లెలు నీకు ఫోనులో చెప్పిందంతా నిజమే. మా వెనక గదిలో బియ్యం డబ్బాలుండే చోట ఇప్పుడు సన్ మైక్రోసిస్టమ్స్ వారి ఎంటర్‌ప్రైజ్ 250 సర్వర్ తిష్ఠ వేసింది. మొదటిసారి దాన్ని ఆన్ చేసిన రోజున, కొత్తగా పిండిమర పెట్టారా అని పక్కింటి పెద్దాయన వచ్చి అడిగిన మాటా నిజమే. జేబులోని ఫోనుకున్న సత్తా కూడా లేని ముసలి యంత్రాన్ని ఈ వయసులో ఎందుకు మేపుతున్నావని నువ్వు నిలదీశావు కాబట్టి, నాలుగు ముక్కల్లో తేల్చకుండా తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

అమీర్‌పేట మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తులో, మనం సన్ వారి ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్ నేర్చుకున్న రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. ముప్పై మందికీ కలిపి ఉన్నది ఒకే ఒక్క సన్ మిషను, అదీ ఏసీ గదిలో తాళం వెనక ఉండేది. మనమంతా బయట పాత పీసీల ముందు కూర్చుని టెల్నెట్‌లో లోపలికి వెళ్లేవాళ్లం. మిషను మీద సర్వాధికారాలిచ్చే రూట్ పాస్‌వర్డ్ తెలిసిన మహానుభావుడెవరో దాన్ని రీస్టార్ట్ చేసే ‘ఇనిట్ 6’ కొట్టగానే ముప్పై తెరలూ ఒక్కసారిగా బిగుసుకుపోయేవి. జిరాక్సు నోట్సు బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కాం, ఉద్యోగాలు సంపాదించుకున్నాం, కానీ ఆ మిషను మూత తీసి లోపల ఏముందో చూసినవాడు మనలో ఒక్కడూ లేడు. ఉద్యోగంలోనూ అంతే, మనం నడిపిన సర్వర్లు ఏ ఊళ్లో ఉన్నాయో కూడా మనకు సరిగ్గా తెలిసేది కాదు.

అందుకే ఇక్కడి కంప్యూటర్ బజారు సీటీసీకి ర్యామ్ కొనడానికి వెళ్లినవాణ్ణి, దగ్గరలోని పాత సామాను గోడౌను ముందు ఆ ఊదారంగు సన్ గుర్తు కనబడేసరికి అడుగు ముందుకు పడక నిలబడిపోయాను. దుకాణదారుడు దాన్ని ఇనుము, రాగి, బోర్డుల లెక్కన కిలోల్లో చూస్తున్నాడు. కిలోల ధరకు కొంత కలిపి ఇచ్చి, ఆటో డ్రైవరూ నేనూ చెరోవైపు పట్టుకుని ఎక్కించాం. డిస్కుల్లో ఏ ఆఫీసువారి లెక్కలున్నాయో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. సొలారిస్ సీడీతో బూట్ చేసి, ఫార్మాట్ కమాండులోని పర్జ్‌తో వాటిని ముందుగా తుడిచేశాను. ఈ సరదాలోకి దిగేవాడు పాటించవలసిన మొదటి మర్యాద అదేనని నా అభిప్రాయం.

ఇక అసలు కథకు వస్తాను. తెచ్చిన రోజున దానికి మానిటర్, కీబోర్డు ఏవీ లేవు. కీబోర్డు తగిలించకపోతే ఈ మిషను తన మాటలన్నీ సీరియల్ పోర్టులోకి పంపుతుంది కనుక, లాప్‌టాప్‌కు సీరియల్ కేబుల్ కలిపి, వేగం 9600కు పెట్టి, ముందువైపు తాళంచెవిని డయాగ్నొస్టిక్స్ వైపు తిప్పి కూర్చున్నాను. సర్వర్‌కు తాళంచెవేమిటని నవ్వకు; దాన్ని లాక్ వైపు తిప్పితే ఎవరూ కన్సోల్ నుంచి బ్రేక్ కొట్టి సిస్టమ్‌ను ఆపలేరు, అది అమీర్‌పేటలో ఉండి ఉంటే మనకు ఎంత మేలు జరిగేదో! ఆ యంత్రం ఒక్కొక్క భాగాన్నీ పరీక్షించుకుంటూ, ఏ గాడిలోని ర్యామ్ పలకడం లేదో ఆ గాడి సంఖ్యతో సహా చెప్పింది. ఆ ముక్కను పీకి, అంచును పెన్సిలు రబ్బరుతో రుద్ది పెడితే పలికింది. ఆ తరువాత తెరమీద వచ్చిన వాక్యం మాత్రం నన్ను కూలబడేలా చేసింది: మిషను గుర్తింపు వివరాలుండే ఐడీప్రామ్‌లోని విషయం చెల్లదట. దాని కింద, నెట్‌వర్కులో మిషనును గుర్తుపట్టే ఈథర్నెట్ చిరునామా ఉండవలసిన చోట అన్నీ ఎఫ్‌లే. అంటే నా మిషను తన పేరు తానే మరిచిపోయింది.

కారణం ఒక చిన్న చిప్పు. సన్ వారు గడియారాన్నీ, సెట్టింగులనూ, ఈథర్నెట్ చిరునామానూ, మిషను గుర్తింపు సంఖ్య అయిన హోస్ట్ ఐడీనీ ఎన్వీర్యామ్ అనే 28 కాళ్ల చిప్పులో దాచేవారు. దాన్ని బతికించే బ్యాటరీ ఆ చిప్పు నెత్తిమీదే, ఎపాక్సీలో పోతపోసి ఉంటుంది. పదేళ్లో, అదృష్టముంటే మరికొన్నేళ్లో పనిచేశాక అది ఎండిపోతుంది, జ్ఞాపకమంతా దానితోపాటే పోతుంది. ఆ రోజుల్లో ఖరీదైన సాఫ్ట్‌వేర్ లైసెన్సులు అనేకం హోస్ట్ ఐడీకి ముడిపడి ఉండేవి కాబట్టి, ఆఫీసులో ఈ చిప్పు చచ్చిపోవడమంటే మామూలు విషయం కాదు. అంత గట్టి ఇనుప పెట్టెకు, మార్చడానికి వీలులేని అంత చిన్న బ్యాటరీని ప్రాణంగా పెట్టిన ఇంజనీరు మీద నాకు ఇప్పటికీ కోపమే.

అదృష్టవశాత్తు ఆ చిప్పు సాకెట్‌లో ఉంటుంది. ఊడదీసి, చేతి గ్రైండరుతో దాని నెత్తిని ఒక అంచున అరగదీశాను. ఇల్లంతా పళ్ల డాక్టరు గది వాసన వచ్చిందని మీ చెల్లెలు కిటికీలన్నీ తెరిచింది. లోపల బ్యాటరీకి వెళ్లే రెండు సన్నని రేకులు కనబడ్డాక, పాత బ్యాటరీ సంబంధాన్ని పూర్తిగా తెంపాలి; లేకపోతే చచ్చినది కొత్తదాన్ని కూడా తాగేస్తుంది. ఆ రేకులకు రెండు తీగలు టంకం వేసి, చివర బిళ్ల బ్యాటరీ హోల్డరు పెట్టి, ఎక్కడైనా దొరికే సీఆర్2032 వేశాను. టంకం మొదటిసారి సరిగా అంటుకోలేదు, రెండోసారి చేయి వణికింది, మూడోసారికి కుదిరింది.

బ్యాటరీ వచ్చినంత మాత్రాన పోయిన పేరు తిరిగి రాదు, దాన్ని మనమే రాయాలి. సొలారిస్ లేవకముందే మిషను ఆజ్ఞలు తీసుకునే ఓకే ప్రాంప్ట్ దగ్గర ‘ఎమ్‌కేపీ’ అనే మాటతో ఒక్కొక్క బైటునూ దాని స్థానంలో పెడుతూ వెళ్లాలి: ముందు 1, తరువాత ఈ జాతి మిషన్ల గుర్తు 80, ఆపైన చిరునామా. చిరునామాలో మొదటి భాగం 08:00:20 సన్ వారికి కేటాయించినది. మిగిలిన భాగం చిప్పు మీది చిన్న లేబుల్‌పై మసకగా మిగిలి ఉంది. గ్రైండరు పట్టుకోకముందే దాన్ని ఫొటో తీసి ఉంచుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. అన్నీ పెట్టాక, ముందున్న బైట్లన్నిటినీ ఎక్సార్ అనే బిట్ల లెక్కతో కలిపి వచ్చిన చెక్‌సమ్‌ను, అంటే సరిచూసుకునే సంఖ్యను, చివర ఉంచితే గానీ మిషను నమ్మదు. కాగితం మీద లెక్క వేసి, ఒకటి తప్పి, మళ్లీ వేసి, రీసెట్ చేసేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. మిషను లేవగానే చూపే బ్యానర్‌లో అసలు చిరునామా కనబడింది. పాతికేళ్ల ఉద్యోగంలో ఎన్ని సర్వర్లు లేపానో లెక్కలేదు గానీ, వాటిలో ఏదీ నాకు అంత సంతోషం ఇవ్వలేదు.

కరెంటు బిల్లు సంగతి అడిగావు. ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి చూస్తే 230 వాట్ల దగ్గర తిరుగుతోంది. రోజంతా నడిపితే అయిదున్నర యూనిట్లు, నెలకు 165. స్లాబు మారిపోయి ఇంట్లో నా స్థానమే మారిపోతుంది. అందుకని ఆదివారం మధ్యాహ్నం మూడు నాలుగు గంటలు మాత్రమే నడుపుతాను, ఒక్క యూనిట్ కూడా కాదు.

పాత మిషనును సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరించే ఎమ్యులేటర్‌తో సరిపెట్టుకోవచ్చు కదా అని నువ్వు అనబోతున్నావని తెలుసు. దానికి మొన్నటి సంగతి ఒకటి చెప్పాలి. తెలుగు పదాలను అకారాది క్రమంలో పెట్టడానికి నేను సీ భాషలో రాసుకున్న చిన్న ప్రోగ్రాము నీకు తెలుసు. లాప్‌టాప్‌లో ఏళ్లుగా చక్కగా పనిచేస్తోంది. సరదాకు దాన్నీ, ఒక్కో తెలుగు అక్షరాన్ని రెండు బైట్లుగా దాచే యూటీఎఫ్-16లో ఉన్న నా పదాల ఫైలునూ ఈ మిషనుకు తెచ్చి కంపైల్ చేశాను. ముందు బస్ ఎర్రర్ అని కూలిపోయింది: సరిహద్దు చూసుకోకుండా బేసి చిరునామా నుంచి అంకెను చదివే నా బద్ధకాన్ని ఇంటెల్ చిప్పు ఇన్నేళ్లూ మన్నించింది, ఈ సన్ మిషనులోని స్పార్క్ చిప్పు మన్నించలేదు. అది సరిదిద్దాక ఫలితాన్ని లాప్‌టాప్‌లో తెరిచి చూస్తే ‘అ’ ఉండవలసిన చోట ఎక్కడిదో తెలియని లిపి కనబడింది. యూనికోడ్‌లో ‘అ’ సంఖ్య 0సీ05. ఇంటెల్‌లో సంఖ్య చివరి బైటు (05) ముందుంటుంది, స్పార్క్‌లో మొదటి బైటు (0సీ) ముందుంటుంది. నా ప్రోగ్రాము ఆ తేడా పట్టించుకోకుండా రెండు బైట్లనూ ఉన్నవి ఉన్నట్టే తీసుకునేసరికి అది 050సీ అయింది, అంటే రష్యా ఉత్తరాన కోమీ భాష కోసం ఒకప్పుడు వాడిన ఒక సిరిలిక్ అక్షరం. మన అకారం కాస్తా అక్కడికి వలసపోయింది! ఈ తప్పు ఎమ్యులేటర్‌లోనూ దొరికేదే, ఒప్పుకుంటాను. కానీ ఆ ముసలి మిషను వెనక గదిలో మోత పెడుతూ ఉండకపోతే, దీని మీద ఆ ప్రోగ్రామును నడిపి చూద్దామన్న బుద్ధే నాకు పుట్టేది కాదు.

ప్రస్తుతం బెంగ డిస్కుల గురించి. డిస్కులు పెట్టే ఆరు గాడుల్లో నాలుగింట 9 జీబీ స్కసీ (పాత సర్వర్లలో డిస్కులను కలిపే పద్ధతి) డిస్కులున్నాయి. నిమిషానికి 10,000 చుట్లు తిరిగేవి. వాటిలో ఒకటి బేరింగు అరిగి, చల్లగా ఉన్నప్పుడు కీచుమంటుంది. ఎస్డీ కార్డును స్కసీ డిస్కులా నటింపజేసే చిన్న బోర్డులు వస్తున్నాయి గానీ, ఈ 80 పిన్నుల గాడికి మధ్యలో మరొక అడాప్టరు కావాలి, దానికి ఇంకా వెతుకుతున్నాను.

సంక్రాంతికి వస్తానన్నావు కదా, వచ్చేటప్పుడు మీ అటక మీది అట్టపెట్టెలో పడి ఉన్న ఆ 25 పిన్నుల సీరియల్ కేబుల్ మరిచిపోకుండా తీసుకురా. నేను వాడుతున్నది పక్కింటి పెద్దాయన మనవడి దగ్గర అడిగి తెచ్చినది, వాళ్లు రెండుసార్లు గుర్తుచేశారు. ఇంకొక సంగతి, మిషనును గోడవైపు నుంచి కిటికీ వైపుకు జరపాలి. అది నావల్ల కాదు, మీ చెల్లెలు చేయి వేయనంది. నీ నడుము ఎలా ఉందో ముందే రాయి.

ఇట్లు,
నీ స్నేహితుడు