మాసిక అంచు

సంపాదకుల వారికి,

గుండెపోటు మీద మీరు వేసిన వ్యాసం చదివాను. నొప్పి రాగానే ఏం చేయాలో బాగానే చెప్పారు. కానీ స్టెంట్ వేసి ఇంటికి పంపేదాకా చెప్పి అక్కడ ఆపేశారు. నాకు అసలు కష్టం ఆ తర్వాతే వచ్చింది.

నేను దర్జీని. గుండెపోటు వచ్చిన రోజు గ్యాస్ అనుకుని ఆరు గంటలు కూర్చున్నాను (తెలివి!). రక్తనాళం తెరిచారు గానీ, అప్పటికే కొంత కండ చచ్చిపోయింది. ఇంటికొచ్చేటప్పుడు ఇచ్చిన కాగితంలో 'ఈఎఫ్ 30 శాతం' అని ఉంది. ఒక్కో దెబ్బకు గుండె తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతోందో చెప్పే లెక్క అది. మామూలుగా 50, 55కి పైనే ఉంటుంది. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాలుగు నెలలకు మెట్లెక్కుతుంటే గుండె దడదడలాడి, కళ్లు చీకట్లు కమ్మి పడిపోయాను. మా ఆవిడ నీళ్లు చల్లేలోగా తెలివొచ్చింది. నీరసమన్నారందరూ. మనసొప్పక వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మందు ఎక్కించి ఎంఆర్ఐ తీయించి, తెర మీద తెల్లగా మెరుస్తున్న మచ్చ చూపించారు. చచ్చిన కండ మళ్లీ మొలవదు. అక్కడ పీచులా మచ్చ కడుతుంది.

చొక్కాకు మాసిక వేస్తే అది నడిమధ్య చిరగదు, అంచున చిరుగుతుంది. గుండెకూ అంతేనట. గుండెను కొట్టించే కరెంటు మచ్చ నడుమ పోనే పోదు. అంచుల్లో బతికిన పోగులు కొన్ని మచ్చలో చిక్కుకుని ఉంటాయి. వాటిలో కరెంటు నత్తనడక నడిచి బయటపడేసరికి, పక్క కండ మళ్లీ కొట్టుకోడానికి సిద్ధంగా ఉంటుంది. ఇక అదే దారిలో గిరగిరా తిరుగుతుంది. గుండె నిమిషానికి 150, 200 సార్లు కొట్టుకుంటుంది. అది ముదిరి ఒట్టి వణుకైపోతే ప్రాణం నిలిచేది నిమిషాలే. స్టెంట్ నాళాన్ని తెరుస్తుంది, మచ్చను చెరపదు.

మచ్చ ఉన్న అందరికీ ఇలా కాదు. చావకుండా మొద్దుబారిన కండ కొంత కోలుకుంటుంది కూడా. అందుకే పోటు వచ్చిన 40 రోజుల తర్వాత, స్టెంట్ వేస్తే మూడు నెలలకు, మళ్లీ ఎకో (గుండె స్కానింగు) తీసి చూస్తారు. మందులు వాడినా ఈఎఫ్ 35 దాటకపోతే ఐసీడీ (గుండె లయ తప్పితే షాక్ కొట్టి దారికి తెచ్చే చిన్న యంత్రం) పెట్టాలా అని ఆలోచిస్తారు. నాకు ఎడమ భుజం కింద పెట్టారు. ఇప్పటికి ఒకసారి షాక్ కొట్టింది. చేతిలో కత్తెర ఎగిరి అవతల పడింది. నేను మాత్రం ఉన్నాను.

నా ఆ మూడు నెలల ఎకో ఎవరికీ గుర్తులేదు. డిశ్చార్జి కాగితం మీద ఆ తారీఖు రాసి ఇవ్వాలని మీ పత్రిక ద్వారా డాక్టర్లను అడుగుతున్నాను. జాకెట్టు కుట్టడానికిచ్చినా మేం చీటీ మీద తారీఖు వేసిస్తాం.

– ఒక దర్జీ పాఠకుడు