ఉంగరాల తూకంలో ఉంది నీ లెక్క

తిరుపతి,
గురువారం రాత్రి

బుజ్జీ,

నువ్వు పంపిన జీమ్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) డేటా సఫిషియెన్సీ లెక్క చూసినా. జవాబు కనుక్కోవడం కాదు, ఇచ్చిన రెండు స్టేట్‌మెంట్లతో జవాబు తేలుతుందా లేదా అని చెప్పడమే దీంట్లో పని గదా. ఫోన్లో చెబితే అంకెలన్నీ కలగాపులగమవుతాయని కాగితం తీసుకున్నా.

ఒక సంఖ్యలో దశాంశ బిందువు పక్కనున్న అంకె ఎంత? అదీ ప్రశ్న. పదోవంతుకు రౌండ్ చేస్తే 6.4 అని ఒకటో స్టేట్‌మెంట్. వందోవంతుకు రౌండ్ చేస్తే 6.40 అని రెండోది. రెండూ కలిపితే తేలిపోతుందని నువ్వు సి పెట్టినావు.

మన గాంధీరోడ్డు అంగట్లో కాటా మిల్లీగ్రాముల దాకా చూపిస్తుంది గదా. ఒక ఉంగరం 6.398 గ్రాములు తూగిందనుకో, ఇంకోటి 6.402. బిల్లులో రెండంకెలకు రౌండ్ చేస్తే రెండూ 6.40. ఒక అంకెకు చేస్తే రెండూ 6.4. స్టేట్‌మెంట్లు రెండింటికీ సరిపోయినాయి. కానీ బిందువు పక్కన ఒకదానికి 3, ఇంకోదానికి 4! కాబట్టి జవాబు ఇ, అంటే రెండూ కలిపినా చాలదని. ("పెంచి రౌండ్ చేస్తే కొనేవాళ్లు ఊరుకుంటారా?" అని మీయమ్మ పక్కనుంచి అంటోంది. ఆమె బాధ ఆమెది.)

అసలు సి ఎందుకు కుదరదో చూడు. రెండోది నిజమైతే సంఖ్య 6.395 నుంచి 6.405 లోపు ఉండాల. ఒకటోదానికి 6.35 నుంచి 6.45 లోపు ఎక్కడున్నా చాలు. చిన్న హద్దు పెద్ద హద్దు లోపలే ఉంది. రెండోది తెలిసినాక ఒకటోది కొత్తగా చెప్పేదేమీ లేదు. ఒకటోది ఒక్కటే ఎటూ చాలదు గాబట్టి, ఇట్లా ఉన్నప్పుడు జవాబు బి (రెండోది ఒక్కటే చాలు) అయినా కావాల, ఇ అయినా కావాల. కలిపి చూడడమే దండగ.

రెండోదాంట్లో 6.40 తీసేసి 6.38 పెట్టు. అప్పుడు 6.375 నుంచి 6.385 లోపు, బిందువు పక్కన 3 తప్ప ఇంకోటి రాదు. అది బి. ఆ సున్నా దగ్గరే ఉంది మెలిక.

జీమ్యాట్‌లో ఇప్పుడు ఈ లెక్కలు డేటా ఇన్‌సైట్స్ అనే భాగంలో వస్తున్నాయి గదా, 45 నిమిషాలకు 20 ప్రశ్నలు. తెర మీద కాలిక్యులేటర్ ఉన్నా ఇట్లాంటి చోట పనికిరాదు. స్టేట్‌మెంట్లకు సరిపోయి, జవాబు మాత్రం వేరుగా ఇచ్చే రెండు సంఖ్యలు దొరుకుతాయా అని వెతుకు. దొరికినాయా, చాలదని రాసేసి ముందుకు పో.

ఇంకోటి చెయ్యి. రెండో స్టేట్‌మెంట్‌ను "వెయ్యోవంతుకు రౌండ్ చేస్తే 6.400" అని మార్చు. జవాబు మారుతుందా? ఆదివారం అంగడి సెలవు, పొద్దున్నే ఫోన్ చేసి చెప్పు.

మీ నాయన