పళ్లేలు తిరిగొచ్చే దారి

బర్మింగ్‌హామ్,
ఇంగ్లండ్
ఆదివారం రాత్రి

చి. తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేమందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని నువ్వు ఫోనులో చెప్తుంటే, వెనక నుంచి "ఎక్కడ తగ్గింది" అని అమ్మ అనడం నాకు వినిపించింది. ఈ వారంలోనే డాక్టరుకు చూపించు, వాయిదా వేయకు.

బెజవాడ గవర్నరుపేటలో నువ్వు తీసుకున్న హోటలు ప్లాను చూశాను. ఫోనులో మాట్లాడదామంటే పిల్లల గొడవలో సగం మాట గొంతులోనే ఆగిపోతోంది. అందుకే రాస్తున్నాను. "అక్కడి మన హోటళ్ల గురించి ఒకరు అమృతం అంటారు, ఒకరు డబ్బు దండగ అంటారు, ఏది నమ్మాలి?" అని అడిగావు కదా. రెండూ నమ్ము. ఒకే హోటల్లో నాకు రెండూ జరిగాయి. పేరు రాయను, ఊరి నడిబొడ్డున ఉన్న ఒక పాత హోటలు అనుకో.

మొదటిసారి ఫిబ్రవరిలో, మీ బావ పుట్టినరోజుకు వెళ్లాం. బయట ఎముకలు కొరికే చలి. తలుపు తీయగానే జీలకర్ర, వెల్లుల్లి వేగుతున్న వాసన ముఖానికి తగిలింది. సర్వరు పెద్దాయన, అరవై దాటి ఉంటాయి. మేం కోట్లు విప్పేలోపే గోరువెచ్చని నీళ్లు తెచ్చి పెట్టారు. ఆర్డరు రాసుకునే ముందు, మీలో ఎవరికైనా పడని పదార్థాలు ఉన్నాయా అని ఒక్కొక్కరినీ అడిగారు. ఇక్కడి చట్టం ప్రకారం అలర్జీ కలిగించే 14 పదార్థాల్లో ఏది ఏ వంటలో ఉందో హోటలువాళ్లు చెప్పి తీరాలి. పల్లీలు, నువ్వులు, జీడిపప్పు సరే, ఆవాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అంటే మన తాలింపు పడితే చాలు, చెప్పాల్సిందే. పప్పు కమ్మగా ఉంది. నాన్ రొట్టె పొంగి, చించితే ఆవిరి వచ్చింది. చిన్నదానికి కారం తగులుతుందని మేం అనుకుంటుండగానే, మెనూలో లేని పెరుగన్నం ఒక గిన్నెలో కలిపి తెచ్చారు. దానికి డబ్బు తీసుకోలేదు. ఇంటికొచ్చాక ఆ హోటలు గురించి తెలిసినవాళ్లందరికీ చెప్పాను.

ఆ మాట నమ్మి మే నెలలో మా ఆఫీసువాళ్లు ఏడుగురు నాతో వచ్చారు. శనివారం రాత్రి. బల్ల ముందే రిజర్వు చేసినా అరగంట నిలబెట్టారు. కూర్చున్నాక మరో ముప్పావుగంటకు గానీ భోజనం రాలేదు. అదంతా నేను పట్టించుకోకపోదును. మెనూలో కొత్తగా "గుంటూరు చికెన్" అని ఉంది తమ్ముడూ. ఆ పేరు చూసి నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. పక్కనున్నవాళ్లకు మన ఊరి గురించి చెప్పడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు ఏడాది కారానికి మిరపకాయలు కొనడానికి నాన్నతో యార్డుకు వెళ్తే గేటు బయటే తుమ్ములు మొదలయ్యేవని, లోపల ఎక్కడ చూసినా ఎర్రటి బస్తాలు గుట్టలుగా ఉండేవని, సన్నం రకం కాయను నాన్న రెండుగా విరిచి గింజ చూసి, వాసన చూసి గానీ బేరం ఆడేవారు కాదని. అందరూ అదే తెప్పించుకుందామన్నారు.

వచ్చింది చూస్తే ఎర్ర రంగు నీళ్లలో కోడి ముక్కలు. నోట్లో పెట్టుకుంటే టమాటా, చక్కెర. మిరపకాయ వాసన మచ్చుకైనా లేదు. తోటకూర పప్పులో వేయాల్సినంత కారం కూడా లేదు. నేను ఇంకో గిన్నె రుచి చూశాను, మరో గిన్నె రుచి చూశాను. రంగులు వేరు, లోపల రుచి ఒక్కటే. అన్నం అంచుల్లో వేడిగా, నడుమ చల్లగా ఉంది. అందరిముందూ మన ఊరు చిన్నబోయినట్టు నా కళ్లు చెమర్చాయి. మేనేజరును పిలిచి చెప్తే, "ఇప్పటివరకు ఎవరూ ఇలా అనలేదు" అన్నాడు.

ఆ మాట అబద్ధం కాదు. అదే బల్ల దగ్గర నా ఎదుట కూర్చున్న ఇంగ్లీషు ఆవిడ కోర్మా తెప్పించుకుంది. గిన్నె తుడిచి తినేసి, ఇంత రుచైన భోజనం ఈ మధ్య తినలేదంది. ఆవిడ మర్యాదకు అనలేదు, ముఖం చూస్తే తెలుస్తుంది. ఒకే రాత్రి, ఒకే పొయ్యి, ఒకే బల్ల. ఆవిడ తృప్తిగా లేచింది, నేను ఏడుపు దిగమింగుకుని లేచాను.

బిల్లులో పన్నెండున్నర శాతం సర్వీసు చార్జీ వేశారు. అది కట్టడం మన ఇష్టం, తీసేయమని అడగవచ్చు. కోపంలో తీసేయించాను. 2024 అక్టోబరు నుంచి ఆ డబ్బు మొత్తం పనివాళ్లకే ఇవ్వాలని ఇక్కడ చట్టం ఉందని తర్వాత తెలిసింది. అంటే నా కోపం గోరువెచ్చని నీళ్లు తెచ్చిన పెద్దాయన మీద పడింది. ఆ సంగతి చాలా రోజులు మనసులో ముల్లులా ఉండిపోయింది.

మూడోసారి వెళ్లింది అందుకే. సెప్టెంబరులో ఒక మంగళవారం, చిన్నదాన్ని ఈత క్లాసు నుంచి తీసుకొస్తూ వెళ్లాను. వాన. హోటల్లో రెండే బల్లల దగ్గర మనుషులున్నారు. పెద్దాయనకు మే నెల సంగతి దాచకుండా చెప్పి, చార్జీ తీసేయించినందుకు క్షమించమన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి వెళ్లి వంట మాస్టరును వెంటబెట్టుకొచ్చారు.

మాస్టరుది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్. ఈ దేశంలో "ఇండియన్" అని బోర్డు పెట్టుకున్న హోటళ్లలో చాలా భాగం నిలబెట్టింది ఆ ప్రాంతంవాళ్లే. వాళ్ల పెద్దలు ఓడల్లో పనిచేస్తూ వచ్చి ఇక్కడి రేవుల్లో దిగిపోయినవాళ్లు. నాకు వచ్చిన హిందీలో అడిగాను, ఆయన ఓపికగా చెప్పారు. ఉల్లిపాయలు ఉడికించి రుబ్బిన గ్రేవీ పెద్ద గుండిగలో పొద్దున్నే కాచి ఉంచుతారట. ఆర్డరు రాగానే రెండు గరిటెలు బాండీలో వేసి, కొబ్బరి, మీగడ, చక్కెర కలిపితే కోర్మా. కారం పెంచితే మద్రాసు. ఇంకా పెంచితే విందాలూ. గోవాలో వెల్లుల్లి, వెనిగరుతో చేసే విందాలూకూ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు. శనివారం రాత్రి బల్లలన్నీ నిండినప్పుడు ఒక్కో కూరకు నాలుగైదు నిమిషాలకు మించి దొరకవు. గ్రేవీ లేకపోతే ఎవరికీ భోజనం అందదు. ఆ గ్రేవీకి అతికినట్టు సరిపోయేది కోర్మా, అందుకే ఆవిడకు నచ్చింది. దాన్ని గుంటూరు అనబోతే కుదరదు.

"గుంటూరు ఎక్కడుందో నాకు తెలియదమ్మా, ఆ పేరు యజమాని రాయించారు, ఎర్రగా ఉండాలన్నారు" అన్నారు మాస్టరు. ఆ మాట విన్నాక ఆయన మీద కోపం ఎలా ఉంటుంది?

"మరి ఆ రోజు మేం వదిలేసిన గిన్నెలు మీరు చూడలేదా?" అని అడిగాను. గిన్నెలు కడిగేది వెనక గదిలో. అక్కడికి వెళ్లే దారి ఇంకోవైపు ఉంది. పళ్లేలు అటునుంచి అటే పోతాయి. ఎవరు ఏం వదిలారో ఆయనకు తెలియదు. చూసేది సర్వర్లు, వాళ్లను అడిగేవారు లేరు.

తమ్ముడూ, నేనీ ఉత్తరం రాస్తున్నది దీనికోసం.

మన బ్రాడీపేట మెస్సు గుర్తు తెచ్చుకో. నీకప్పుడు ఆరేళ్లో ఏడేళ్లో. మధ్యాహ్నం పంక్తి లేచాక నాన్న గల్లాపెట్టె వదిలి లోపలికి వచ్చేవారు. ఎంగిలాకులు బుట్టలో పడేయకముందే వరసలో ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లేవారు. వంకాయ కూర ఎన్ని ఆకుల్లో మిగిలింది, పులుసులో ముక్కలు వదిలేసి నీళ్లే కలుపుకున్నారా, పెరుగు చాలక పిల్లలు ఉత్త అన్నం వదిలేశారా. ఎవరినీ "బాగుందా" అని అడగడం నేను వినలేదు. అడిగితే మొహమాటానికి బాగుందంటారు, ఆకు అబద్ధం చెప్పదు అనేవారు. ఒకసారి వరసగా మూడు రోజులు దొండకాయ వేపుడు మిగిలింది. నాలుగో రోజు మాస్టరును పిలిచి ఆకులు చూపించారు, మాట తూలలేదు. మాస్టరు ముదురు కాయలు వస్తున్నాయని చెప్పారు. కూరగాయలవాడిని మార్చారు, అంతే. డిగ్రీ చదివే పిల్లలు ఊరు వదిలి వెళ్లిపోయాక కూడా పరీక్షలకు వచ్చినప్పుడు మన దగ్గరే తిన్నారంటే కారణం అదేనని నేను నమ్ముతాను.

ఇప్పుడు నీ ప్లాను చూడు. గిన్నెలు కడిగే చోటు సందు వైపు, వంటగదికి అడ్డంగా గోడ. సరిగ్గా ఈ హోటల్లో ఉన్నట్టే. వాసన, తడి హాలులోకి రాకూడదని పెట్టించావని తెలుసు, అది మంచిదే. కానీ ఆ గోడ తీయించు. పళ్లేలు మాస్టరు ముందునుంచి వెళ్లేలా దారి పెట్టించు. నాలుగు అడుగుల స్థలం పోతుందని మేస్త్రీ గొణుగుతాడు, ఒప్పుకోకు. పార్సిలు కౌంటరును ఇటు జరిపితే ఆ స్థలం దొరుకుతుంది. పార్సిల్లో ఏది మిగిలిందో ఎలాగూ చూడలేం, అందుకే హాలులో తినేవాళ్ల పళ్లేలైనా కళ్లబడాలి.

మిగతావి చిన్న సంగతులు. సర్వీసు చార్జీ బిల్లులో వేయకు. మన దగ్గర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే వద్దని మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇవ్వాలనుకున్నవాళ్లు సర్వరు చేతికే ఇస్తారు. పల్లీలు, నువ్వులు పడ్డ పచ్చళ్ల పేర్లు మెనూలో రాయించు. ఇంకో మాట, మనకు రాని వంటకు ఊరి పేరు తగిలించకు. ఈ బర్మింగ్‌హామ్‌కు తనదైన కూర ఒకటుంది, బాల్టీ అంటారు. 1970లలో ఇక్కడి పాకిస్తానీ వంటవాళ్లు మొదలుపెట్టింది. పల్చటి ఉక్కు బాండీలో పెద్ద మంట మీద వండి, అదే బాండీతో తెచ్చి బల్ల మీద పెడతారు. అది ఇంకో వంటలా నటించదు, అందుకే తింటే దాని రుచి దానికి ఉంటుంది. నువ్వు బెజవాడలో ఏది వడ్డించినా అలా ఉండాలని నా కోరిక.

ఆ రోజు జరిగింది ఇంకొంచెం చెప్పాలి. "మీరేం తింటారు?" అని మాస్టరును అడిగాను. ఆయన ముఖం వెలిగింది. లోపలికి వెళ్లి వాళ్లు తమకోసం వండుకున్న చేపల కూర, అన్నం తెచ్చారు. చేప వాళ్ల భాషలో రుయి, మన శీలావతే. కొల్లేటి చెరువుల నుంచి లారీల్లో హౌరాకు వెళ్తుందే, అదే చేప. అందులో సాత్‌కొరా అనే పండు తొక్క ముక్కలు వేశారు. వాసన అచ్చం మన దబ్బకాయలా ఉంది, తొక్క కొరికితే కాస్త చేదు, వెనకే పులుపు. మెనూలో ఎక్కడా లేని కూర. ఈ దేశం వచ్చి ఇన్నేళ్లయినా బయట ఇంత మంచి భోజనం నేను చేయలేదు. చిన్నది కూడా ముళ్లు తీయించుకుని మారు అడిగింది. మాస్టరు అక్కడే నిలబడి, మేం తినడం అయ్యేదాకా మా పళ్లేలే చూస్తున్నారు.

మొన్న అమ్మ పంపిన గోంగూర పచ్చట్లోంచి ఒక సీసా, సన్నం కారం ఒక పొట్లం తీసుకెళ్లి ఆయనకు ఇచ్చాను. కారం వేలితో తాకి నాలుక మీద పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. పెరుగు తెప్పించి తాగించాను, నీళ్లతో ఆ మంట తగ్గదు కదా. తేరుకున్నాక కోడి కూరలో దీన్ని ఎప్పుడు వేయాలి, నూనెలోనా, ముక్క ఉడికాకనా అని అడిగారు. నేను నా పద్ధతి చెప్పాను, కానీ మెస్సులో ఆదివారం వండే కూర లెక్క నాన్నకే తెలుసు. అయిదు కిలోల కోడికి కారం ఎంత, ధనియాలు ఎంత, గసగసాలు ఎప్పుడు పడాలి అన్నది నాన్నను అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి వెంటనే పంపు. వచ్చే మంగళవారం వండి చూస్తానన్నారు, నన్ను రమ్మన్నారు.

అమ్మకు, నాన్నకు నా నమస్కారాలు. మరదలికి, పిల్లలకు ముద్దులు. గోడ సంగతి మేస్త్రీతో మాట్లాడి నాకు చెప్పు.

మీ అక్క