లొల్ల లాకుల దారిలో ఆదుకున్న రైతుగారికి కృతజ్ఞతలు

గత ఆదివారం ఉదయం బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల వైపు కాలువ గట్టు మీద గ్రావెల్ సైకిల్‌పై (కంకర, మట్టి దారులకు తగిన సైకిల్) వెళ్తుండగా, కంకర రాయి అంచు తగిలి నా వెనుక టైరు పక్కభాగం చీలిపోయినప్పుడు, మోపెడ్ ఆపి సాయపడిన రైతుగారికి హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేసుకుంటున్నాను.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక విస్తరించిన ఈ గోదావరి డెల్టా కాలువల గట్లు ఎత్తుపల్లాలు లేకుండా సాగుతాయి కనుక తొక్కడం తేలికే గాని, చెడిన సైకిల్‌ను ఎండలో నడిపించుకుపోవడం తేలిక కాదు. నా సైకిల్‌కున్నలాంటి ట్యూబ్‌లెస్ టైరులో పోసే సీలెంట్ ద్రవం తుమ్మముల్లు చేసిన రంధ్రాన్ని పూడ్చగలదు, ఇంత చీలికను పూడ్చలేదు. ఊరికే ట్యూబు వేస్తే అది చీలికలోంచి ఉబ్బి పగులుతుంది. నేను వివరించకముందే ఆ సంగతి గ్రహించిన ఆయన, తన సంచిలోని పాత ట్రాక్టరు ట్యూబు నుంచి అరచేయంత ముక్కను కొడవలితో కోసి, చీలికకు లోపలి వైపున ఆనించి, దానిపై నా దగ్గరున్న ట్యూబును అమర్చి, గాలి కాస్త తక్కువే కొట్టమని హెచ్చరించారు. నా ఖరీదైన పనిముట్ల సంచి కన్నా ఆ ముక్కే ఎక్కువ పనికొచ్చిందని చెప్పక తప్పదు.

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పేరు అడిగితే, చేనుకు నీళ్లు పెట్టాలంటూ బయలుదేరారు. వారిని ఎరిగినవారు ఈ మాటలను వారికి చేరవేయవలసిందిగా కోరుతున్నాను.