దింపు పుస్తకం

చిట్టితల్లికి, అమ్మ దీవెనలు.

వేసవిలో నువ్వు వచ్చి వెళ్లినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలని అనుకుంటూనే ఉన్నాను. ఫోనులో చెబితే మధ్యలో గొంతు పూడుకుపోతుంది, నువ్వు కంగారు పడతావు. అందుకే కాగితం తీసుకున్నాను.

ఆ రోజు పాత సామాన్లు కొనే అబ్బాయికి లాంతర్లు ఇచ్చేశావని నీ మీద పదిమందిలో అరిచాను. ఉన్నవి రెండే లాంతర్లు, ఒకదానికి చిమ్నీ కూడా లేదు. "ఏడాదిగా వాడని వస్తువు ఇంట్లో ఎందుకమ్మా?" అని నువ్వు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. సంక్రాంతి వెళ్లగానే కాకినాడ ఫ్లాటుకు మారాలి, రెండు గదుల్లో ఈ పెంకుటింటి సామానంతా పట్టదు. అన్నీ తెలిసే అరిచాను. ఎందుకో నాకు కూడా ఆలస్యంగానే అర్థమైంది.

నేను కాపురానికి వచ్చిన రెండేళ్లకు, 1986 ఆగస్టులో, గోదావరి వచ్చింది. ఎగువన ఏటిగట్టు తెగింది. తెల్లవారేసరికి వాకిట్లో మోకాలి లోతు నీళ్లు, మధ్యాహ్నానికి నడుము లోతు. మీ నాయనమ్మ ముందే బియ్యం, పప్పు, అగ్గిపెట్టెలు, కిరసనాయిలు డబ్బా అటక ఎక్కించింది. నీళ్లు తీసేదాకా వాటితోనే బతికాం. భోషాణం మీద ఆ నీటి చార ఇంకా ఉంది, చిన్నప్పుడు నీ ఎత్తు దానితోనే కొలుచుకునేదానివి. మళ్లీ పదేళ్లకు, 1996 నవంబరు 6 రాత్రి, తుపాను. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. మళ్లీ బల్బు వెలిగేదాకా వారాల తరబడి ఆ రెండు లాంతర్ల వెలుగులోనే వండాను, నీకు అన్నం పెట్టాను, ఎక్కాలు చదివించాను. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా వాటిని ముట్టుకున్నవాళ్లు లేరు.

అందుకే కోనసీమ ఇళ్లలో ఏడాది లెక్క చెల్లదు తల్లీ. తాడు ముక్క దొరికితే చుట్టి మేకుకు తగిలించాలి, గోనెసంచి దులిపి మడత పెట్టాలి. నాకు నాయనమ్మ నేర్పింది అదే. ఇప్పుడు వెళ్లేది మూడో అంతస్తుకు, అక్కడికి గోదావరి రాదు. అది బుద్ధికి తెలుసు కానీ చేతికి ఇంకా తెలియలేదు. నిన్న కూడా అట్టపెట్టెకు కట్టిన పురికొస విప్పి చుట్టి దాచాను.

నువ్వు వెళ్లాక నెమ్మదిగా నేనే మొదలుపెట్టాను. గంగాళం రామాలయానికి ఇచ్చాను, శ్రీరామనవమికి పానకం కలుపుకుంటారు. జాడీల్లో పెద్దది పక్కింటి పిన్నికి ఇచ్చాను, వాసెన కట్టే గుడ్డతో సహా. మీ నాన్న చొక్కాలు మన తోటలో కొబ్బరికాయల దింపు తీసేవాళ్లకు ఇచ్చాను. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఇత్తడి బిందెలు మాత్రం కొట్టుకు తీసుకెళ్లాను. కొట్టతను ఒక్కోటి బోర్లించి అడుగు చూసి కాటాలో పెడుతున్నాడు. మూడో బిందె తిప్పేసరికి అంచు మీద చుక్కలు కనిపించాయి. నాయనమ్మ పేరు, దాని కింద పెళ్లి తేదీ. చింతపండు పెట్టి తోమి తోమి మొదటి రెండు అక్షరాలు అరిగిపోయాయి, వేలు పెట్టి తడిమితే తప్ప తెలియదు. ఆవిడ ఆ బిందెను నడుమున పెట్టుకుని కాలువ నుంచి వచ్చేటప్పుడు ఆ పేరు ఎప్పుడూ బయటి వైపే ఉండేది. కాటాలోంచి బిందె తీసేసుకున్నాను. మిగతావి అమ్మేశాను. అది నీకే ఇవ్వాలని ఉంది, కానీ నీ ఇంట్లో చోటు లేకపోతే లేదని చెప్పు. బాధపడతాను, అయినా చెప్పు. నేను మోసినవన్నీ నువ్వూ మోయాలని నాకు లేదు.

ఇక అటక మీద మీ నాన్న దింపు పుస్తకం దొరికింది. ఎర్ర గుడ్డ అట్ట, అంచులు చెదలు కొట్టాయి. ప్రతి దింపుకూ తేదీ, కాయల లెక్క, వెయ్యికి పలికిన ధర, దింపు కూలి. 1996 నవంబరు పేజీలో ధర లేదు, కూలి లేదు. "పడినవి 63. నిలిచినవి 11." అంతే, మిగతా కాగితమంతా ఖాళీ. ఆ రోజు ఆయన తోటంతా తిరిగి వచ్చి నాతో ఒక్క మాట కూడా అనలేదు, పుస్తకంలో ఇది రాసుకున్నారన్న సంగతి నాకు ఇన్నేళ్లకు తెలిసింది. తర్వాతి పేజీలో నాటిన మొక్కల జాబితా, అందులో "నూతి పక్కన, చిట్టి నాటింది" అని ఉంది. ఇంకా తిప్పితే, 2003లో ఒక పక్కగా, "చిట్టి చెట్టు, మొదటి గెల, 8 కాయలు". అన్ని చెట్ల కాయలూ ఒకే రాశిలో పోసి అమ్మేవాళ్లం కదా, ఆ ఎనిమిదీ మాత్రం ఆయన విడిగా లెక్కపెట్టారు.

అటక మీదే కూర్చుని చాలాసేపు ఏడ్చాను. తర్వాత దిగి అన్నం తిన్నాను.

భోగికి రా. విరిగిన ఉయ్యాల బల్ల, కాలు లేని పీటలు మంటకోసం విడిగా పెట్టాను, అవి మనిద్దరం వేద్దాం. భోషాణం లిఫ్టులో పట్టదు, వడ్రంగి వచ్చి విప్పుతానన్నాడు, నువ్వు చూసేదాకా ఆగమన్నాను.

ఇల్లు కొన్నవాళ్లు పండుగ తర్వాత వస్తారు. ఈలోపు ఒక దింపు ఉంది. పుస్తకం నా చేతిసంచిలోనే పెట్టుకున్నాను. నీ చెట్టు కాయలు విడిగా దించమని చెబుతాను, లెక్కపెట్టి నువ్వే రాయాలి.

అమ్మ