జిమ్మీని ఆర్కే బీచ్‌కి అప్పుడే తేకు

ఒరేయ్ బావా,

ఉత్తరం అందింది. ఆదివారం సాయంత్రం మన విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా మీ కుక్క జిమ్మీ ఇంకో కుక్కని చూసి రెండు కాళ్ల మీద లేచి అరవడం, నువ్వు సిగ్గుతో గొలుసు లాగడం, చెల్లెమ్మ "ఇంక దీన్ని బయటికి తేవద్దు" అనడం, అంతా బాగానే రాశావు. కానీ ఎక్కాలు రాని పిల్లాడిని తీసుకెళ్లి ఎంసెట్ హాల్లో కూర్చోబెట్టి, లెక్క తప్పాడని తిడితే ఎలారా? నువ్వు చేసిందదే. గుర్రాలు, బెలూన్లు, ముంత మసాలా బళ్లు, పరుగెత్తే పిల్లలు, బీచ్ కుక్కలు అన్నీ ఒక్క చోట. పెద్ద పెద్ద నిదానస్తులైన కుక్కలకే అక్కడ మతి పోతుంది.

జిమ్మీది పొగరు కాదు. మన చేతిలోని బెల్టుకి కట్టి ఉన్న కుక్కకి పక్కకి తప్పుకునే దారి ఉండదు. అందుకని ముందే అరిచి ఎదుటిదాన్ని పొమ్మంటుంది. ఎదుటి కుక్క ఎలాగూ తన దారిన తను పోతుంది. జిమ్మీ మాత్రం "అరిచాను, పోయింది" అని లెక్కేసుకుంటుంది. రోజుకి రెండు మూడుసార్లు ఈ లెక్క సరిపోతుంటే అలవాటు గట్టిపడక ఏం చేస్తుంది? కొన్ని కుక్కలు భయంతో కాదు, ఆడుకోవడానికి వదలడం లేదన్న ఉక్రోషంతో అరుస్తాయి. రెండిటికీ మొదలుపెట్టే చోటు ఒకటే: దూరం.

దానికన్నా ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించు. నెల క్రితం వరకూ బాగున్న కుక్క ఉన్నట్టుండి ఇలా మారితే చెవి పోటో, నడుం నొప్పో, గోమార్ల వల్ల వచ్చే జ్వరమో ఉండొచ్చు. మన ఊరి ఉక్కపోతలో గోమార్లకి కొదవలేదు కదా. ఒళ్లు నొప్పితో ఉన్నదానికి పాఠం చెప్పినా ఎక్కదు.

ఇక సరంజామా. ఆ మెడ బిగుసుకునే గొలుసు తీసి అటకెక్కించు. ఎదుటి కుక్క కనపడ్డప్పుడల్లా మెడ నొక్కుకుంటే, జిమ్మీ బుర్రలో "కుక్క కనపడితే నొప్పి" అని ముడిపడుతుంది. అరుపు కొన్నాళ్లు ఆగినట్టే ఉంటుంది, భయం లోపల పెరుగుతుంది. గుర్రుమన్నప్పుడు తిట్టడం కూడా అంతే. గుర్రుమనడం హెచ్చరిక. దాన్ని నోరు మూయిస్తే రేపు చెప్పాపెట్టకుండా కరుస్తుంది. మెడకి కాకుండా ఒంటికి తొడిగే పట్టీలు, ఛాతీ మీద ఇంగ్లిష్ వై ఆకారంలో వచ్చే హార్నెస్ కొను, ముందు ఛాతీ దగ్గర కూడా ఒక రింగు ఉండేది. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, నాలుగు దూరితే వెనక్కి జారి తప్పించుకుంటుంది. బెల్టు 2 మీటర్లది చాలు. బటన్ నొక్కితే ఆగి, లేకపోతే సాగుతూ పోయే సన్నతాడు బెల్టు వద్దే వద్దు, అది ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది, చేతికి చుట్టుకుంటే చర్మం కోసేస్తుంది. ఇంకోటి, మన ఉప్పుగాలికి చవక కొక్కేలు ఆరు నెలల్లో తుప్పు పట్టి స్ప్రింగ్ పట్టేస్తుంది. ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీల్‌దో చూసుకో, బీచ్ నుంచి రాగానే మంచినీళ్లతో కడుగు.

తిండి విషయంలో పిసినారితనం పనికిరాదు. మామూలు బిస్కెట్టుకి బయట విలువ లేదు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ బ్రెస్ట్ 100 గ్రాములు తీసుకుని శనగ గింజంత ముక్కలు చెయ్యి. ఒక పూటకి సరిపోతాయి. ఆ మేరకి రాత్రి భోజనం తగ్గించు. పనీరు కూడా పనికొస్తుంది. కిస్‌మిస్, చాక్లెట్ మాత్రం విషం, పిల్లలకి చెప్పు.

మొదటి వారం అంతా ఇంట్లోనే. నవ్వకు, సగం పని ఇక్కడే జరుగుతుంది. మూడు మాటలు నేర్పాలి. ఒకటి "భేష్". ఆ మాట అను, ఒక్క సెకనులో ముక్క నోట్లో పెట్టు. పూటకి 15, 20 సార్లు, రోజుకి రెండు పూటలు. మూడు రోజులకి ఆ మాట వినగానే తల ఇటు తిప్పుతుంది. రెండోది "పద". హాల్లో నడుస్తూ నడుస్తూ "పద" అని సరదాగా వెనక్కి తిరిగి నాలుగడుగులు వెయ్యి, వెంట వచ్చాక ముక్క. బెల్టు లాగి తిప్పితే లెక్కలోకి రాదు. మూడోది "వెతుకు". గుప్పెడు ముక్కలు నేల మీద చల్లడమే. ముక్కు కిందికి పెట్టి వాసన చూస్తున్న కుక్క ఒళ్లు తనంతట తానే సద్దుమణుగుతుంది. హాల్లో కుదిరాక అపార్ట్‌మెంట్ కారిడార్‌లో, తర్వాత సెల్లార్‌లో, ఆ తర్వాతే గేటు బయట.

ఇప్పుడు అసలు సంగతి. ఎదుటి కుక్కని జిమ్మీ చూడగలగాలి, చూసి కూడా తినగలగాలి. ఆ దూరం ఎంతో నువ్వే కనిపెట్టాలి. 30, 40 మీటర్ల నుంచి మొదలుపెట్టు. నోరు తెరుచుకుని, తోక వదులుగా, చెవులు అటూ ఇటూ కదులుతుంటే బాగున్నట్టు. నోరు ఠక్కున మూసుకుని, ఒళ్లు కర్రలా బిగిసి, చూపు రెండు సెకన్లకి మించి అక్కడే నిలిచిందంటే దగ్గరికి వచ్చేశావు. చికెన్ లాక్కున్నట్టు మోటుగా తిన్నా, అసలు ముట్టకపోయినా అంతే. అప్పుడు ధైర్యం పరీక్షించకు. "పద", వెనక్కి.

ఆ దూరంలో నిలబడి చేసేది చాలా చిన్న పని. జిమ్మీ ఎదుటి కుక్కని చూసింది, అప్పుడు "భేష్", ముక్క. మళ్లీ చూసింది, మళ్లీ ముక్క. ఎదుటి కుక్క కనుమరుగయ్యాక తిండి బంద్. ఈ వరుస తిరగబడితే పని చెడుతుంది. చాలామంది కుక్క వస్తోందని కంగారులో ముందే చికెన్ మూతి ముందు ఊపుతారు. కొన్నాళ్లకి చికెన్ కనపడగానే "అమ్మో, ఏదో వస్తోంది" అని జిమ్మీ చుట్టూ వెతకడం మొదలెడుతుంది. ముందు చూడాలి, తర్వాతే తినాలి.

వారం పది రోజులకి, చూసిన వెంటనే "భేష్" అనకుండా రెండు మూడు సెకన్లు ఆగు. తనంతట తానే నీ వైపు తిరిగితే అప్పుడు "భేష్", ఈసారి మూడు నాలుగు ముక్కలు. తిరగకపోతే పేరు పెట్టి పది సార్లు పిలవకు, ఐదడుగులు దూరం జరుగు. ఐదుసార్లలో నాలుగుసార్లు దానంతటది తిరుగుతుంటే రెండు మూడు అడుగులు దగ్గరికి వెళ్లొచ్చు. ఒకసారికి ఒకటే మార్చు. దూరం తగ్గించావంటే ఎదుటి కుక్క కూర్చుని ఉన్నదై ఉండాలి. నడిచే కుక్క అయితే మళ్లీ దూరం పెంచు. స్కూటర్లు, పరుగెత్తే పిల్లలు వేరే పాఠాలు, ఒక్కోదానికీ మళ్లీ మొదటి నుంచే. పూటకి పది పదిహేను నిమిషాలు, వారానికి నాలుగు రోజులు చాలు.

చోటు గురించి. పొద్దున్న బండ్లు ఆపి వాకింగ్‌కి వదిలే బీచ్ రోడ్డు ముక్క ఇప్పుడే వద్దు, సందు లేకుండా మనుషులే. సాగర్ నగర్ వైపు వెడల్పుగా, దూరం నుంచి కనపడే చోటు ఎంచుకో. ఎంవీపీ కాలనీలో సెక్టార్ల లోపలి రోడ్లు కూడా మంచివే, ఆగి ఉన్న కార్ల వరసలున్నాయి. ఎదురుగా కుక్క వస్తే రెండు కార్ల మధ్యకి దూరితే చూపు తెగిపోతుంది, అరుపు సగం అక్కడే ఆగుతుంది. కొండవాలు మలుపుల దగ్గర మాత్రం గోడని ఆనుకోకుండా రోడ్డు వెడల్పు వైపు నడువు, లేదంటే మలుపు తిరగ్గానే ముఖాముఖి. లిఫ్టులో ఎవరైనా కుక్కతో ఉంటే తర్వాతది ఎక్కు. తెల్లారగట్ట ఖాళీగా ఉంటుందనుకుంటావు గానీ, వీధికుక్కలు హుషారుగా తిరిగేది ఆ వేళకే. ఎండెక్కే కొద్దీ అవి నీడకి చేరతాయి. కానీ వేసవిలో నీ వెనకచెయ్యి తారు మీద ఏడు సెకన్లు ఉంచలేకపోతే జిమ్మీ పాదాలు కూడా ఉండలేవు.

వీధికుక్కల బాధ మన ఊళ్లో తప్పదు, అవి బెల్టుకి కట్టి ఉండవు కాబట్టి దూరం నీ చేతిలో ఉండదు. జేబులో బిస్కెట్లో చపాతీ ముక్కలో వేరే సంచిలో పెట్టుకో. మీదకి వస్తుంటే జిమ్మీని నీ వెనక్కి తీసుకుని, గుప్పెడు ముక్కలు వాటి వెనక పడేలా విసిరి, తాపీగా నడిచి వెళ్లిపో. పరిగెత్తావో మొత్తం గుంపు వెంటపడుతుంది. రాయి తీస్తున్నట్టు వంగితే చాలావరకు ఆగిపోతాయి, నిజంగా విసరకు. మీ వీధిలో అవి నిన్ను గుర్తుపట్టాలంటే జిమ్మీ లేనప్పుడు నాలుగు రోజులు కాస్త ఏదైనా పెట్టు. నిన్నో జిమ్మీనో ఏదైనా కరిస్తే గాయం సబ్బుతో ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి, అదే రోజు ఇంజెక్షన్. పసుపు, కారం పెట్టే వైద్యాలు మీ నాయనమ్మ దగ్గరే ఆపెయ్.

మూతికి తొడిగే మజిల్ అనగానే చెల్లెమ్మ బాధపడుతుందని తెలుసు. ఎడ్లకి చిక్కం కడతారు కదా, అలాంటిదే. కాకపోతే నోరు తెరిచి వగర్చడానికి, నీళ్లు తాగడానికి వీలుండే బుట్టది కావాలి. బిగుతుగా మూతి కట్టే గుడ్డది ఈ వేడిలో ప్రమాదం. బుట్టలో చికెన్ పెట్టి తనంతట తాను మూతి దూర్చేలా వారం అలవాటు చెయ్యి, పట్టీ ఆ తర్వాతే.

ఒకటి గుర్తుపెట్టుకో. ఒక రోజు బెదిరిన కుక్క మర్నాటికి తేరుకోదు. నిమజ్జనం డప్పులు, దీపావళి టపాసులు, నేవీ విన్యాసాలప్పుడు బీచ్ మీద ఎగిరే విమానాలు, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. అలాంటి రోజుల తర్వాత రెండు రోజులు బయట పాఠం మానెయ్. ఇంట్లో "వెతుకు" ఆడించు, గోనెసంచి మీద పడుకోబెట్టి నమిలేదేదైనా ఇవ్వు. ఎంత చేసినా దూరం తగ్గకపోతే భయానికి మందులు ఉన్నాయి, డాక్టర్ రాస్తేనే వాడాలి, నీ మెడికల్ షాపు స్నేహితుడు ఇచ్చినవి కాదు. కుక్కని నెల రోజులు తమ దగ్గర వదిలేస్తే మార్చి ఇస్తామనే వాళ్లకి అప్పగించేముందు, కుక్క తప్పు చేస్తే ఏం చేస్తారో నీ కళ్ల ముందు చూపించమను. చూపించకపోతే ఇంటికి తెచ్చేసుకో.

రెండు మూడు నెలలు పడుతుంది. జిమ్మీ అన్ని కుక్కలతో దోస్తీ చెయ్యనక్కర్లేదు, పక్క నుంచి వెళ్లగలిగితే చాలు. రోజూ ఒక చిన్న పుస్తకంలో రాయి: ఏ చోట, ఎన్ని అడుగులు, తిన్నదా లేదా. వారం రాశాక ఆ పేజీలు ఫొటో తీసి పంపు, ఎక్కడ దగ్గరికి తోస్తున్నావో చెబుతాను.

నీ బావ

మరిచాను: జోడుగుళ్లపాలెం వైపు వెళ్తే వలల దగ్గర పారేసిన చేపల మీద కన్నుంచు. గాలి మింగి బంతిలా ఉబ్బే చేప ఒకటి ఉంటుంది, చచ్చినా విషమే. దాన్ని నోట్లో పెట్టుకుంటే పాఠం సంగతి దేవుడెరుగు, నేరుగా ఆసుపత్రికే.